పూర్వీకుల తిండి నుంచి నేటి కంచానికి: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

మనిషి లక్షల ఏళ్ల పాటు వేటాడి, ఏరుకొని తిన్నాడు కాబట్టి మన శరీరం ఆ తిండికే అలవాటుపడిందనీ, వరి, గోధుమ, పప్పు, పాలు నిన్న మొన్న వచ్చినవి కనుక వాటిని మానేస్తే చక్కెర వ్యాధి, ఊబకాయం వాటంతటవే తగ్గిపోతాయనీ చెప్పే వాదం ఇప్పుడు తెలుగు ఇళ్లలో కూడా బాగా వినబడుతోంది. దానికి సరిగ్గా ఎదురుగా, మన పళ్లనూ పేగులనూ చూస్తే మనిషి పుట్టుకతోనే శాకాహారి అని తేలుతుందనే వాదం ఉంది. రెండు పక్షాలూ పరిణామ శాస్త్రాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నాయి. ఆ శాస్త్రం నిజంగా ఏమి చెబుతోందో తెలుసుకొని, దాన్ని బట్టి ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర, కూరల సంచి దగ్గర ఏయే మార్పులు చేసుకోవచ్చో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పూర్వీకుల నుంచి తినదగిన వస్తువుల పట్టికను తీసుకోబోతే అది ఎక్కడా కుదరదు. వారి తిండికి ఉన్న కొన్ని లక్షణాలను తీసుకుంటే మాత్రం అవి నేటికీ పనికివస్తాయి.

ఏ పూర్వీకులు, ఏ చోటు?

ఎవరైనా "పూర్వీకుల ఆహారం" అన్నప్పుడు ఏ కాలం, ఏ ప్రాంతం అని అడగడం మొదటి మెట్టు. ఇథియోపియాలో 1974లో దొరికిన, లూసీ అని పేరుపడిన ఆస్ట్రలోపితికస్ (మన వంశంలోని ఒక తొలి జాతి) దాదాపు 32 లక్షల ఏళ్ల నాటిది. ఆ జాతి మెదడు పరిమాణం మన మెదడులో మూడో వంతు, తిండిలో అధిక భాగం మొక్కల నుంచి వచ్చినదే. టాంజానియాలోని ఓల్డువై లోయలో 1959లో మేరీ లీకీ కనుగొన్న మరో జాతికి, అంటే పరాంత్రోపస్ బోయిసీకి, చాలా పెద్ద దవడ పళ్లు ఉండటం చూసి, గట్టి కాయలను కొరికి పగలగొట్టి తినేదని అప్పట్లో అందరూ అనుకున్నారు. తరవాత పంటి పింగాణీలోని కార్బన్ ఐసోటోపులను (ఏ రకం మొక్కలు తిన్నదో చెప్పే, బరువులో తేడా ఉన్న కార్బన్ రూపాలను), నమిలేటప్పుడు పడిన సన్నని గీతలను పరీక్షించినప్పుడు, తూర్పు ఆఫ్రికాలోని ఆ జాతి ప్రధానంగా గడ్డి, తుంగ జాతి మొక్కలను తిన్నదని తేలింది. పంటి ఆకారం ఒక్కటే చూసి "మనిషి శాకాహారి" అనో "మాంసాహారి" అనో తేల్చేసే వాదాన్ని ఎందుకు నమ్మకూడదో ఈ ఉదాహరణే చెబుతుంది.

ఇథియోపియాలోని గోనాలో దొరికిన రాతి పనిముట్లు దాదాపు 26 లక్షల ఏళ్ల నాటివి. అలాంటి పనిముట్ల గాట్లు ఉన్న జంతువుల ఎముకలను బట్టి, మన వంశంలో మాంసం, మూలుగ తినడం ఆ కాలానికే మొదలైందని చెప్పవచ్చు. శరీరం బరువులో సుమారు 2 శాతమే ఉండే మన మెదడు, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతాన్ని తీసుకుంటుంది. అంత ఖర్చును మన పూర్వీకులు ఎలా భరించారన్న ప్రశ్నకు, మాంసం వంటి సారవంతమైన ఆహారం వల్ల పేగులు చిన్నవై, మిగిలిన శక్తి మెదడుకు దక్కిందని లెస్లీ ఐయెలో, పీటర్ వీలర్ 1995లో ప్రతిపాదించారు. నిప్పు మీద వండిన దుంపలే అందుకు ముఖ్య కారణమని రిచర్డ్ రాంగమ్ వాదించారు. ఏ కారణం ఎంత బలమైనదన్న చర్చ పండితుల మధ్య ఇంకా సాగుతూనే ఉంది. అయితే మనకు కావలసిన విషయంలో ఈ రెండు వాదాల మధ్యా తేడా లేదు: మనిషి జీర్ణవ్యవస్థ కోసి, దంచి, కాల్చి, ఉడికించి మెత్తబరచిన ఆహారానికి అనువైనది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో నిప్పు వాడకానికి దొరికిన ఆనవాళ్లు సుమారు 10 లక్షల ఏళ్ల నాటివి. అందువల్ల పచ్చివే తినడం మనిషికి సహజమని చెప్పేవారికి పరిణామ శాస్త్రంలో ఆధారం దొరకదు.

ధాన్యం నిన్నటిది కాదు

వ్యవసాయం సుమారు 10,000 ఏళ్ల కిందట మొదలైంది కాబట్టి అంతకు ముందు మనిషి గింజలు ముట్టలేదనుకోవడం ఈ చర్చలో అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించిన ఊహ. ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సు ఒడ్డున ఉన్న ఓహలో అనే చోట 23,000 ఏళ్ల కిందటి గుడిసెల్లో అడవి బార్లీ, అడవి గోధుమ గింజలతో పాటు, పిండి రేణువులు అంటుకొని ఉన్న నూరుడు రాయి దొరికింది. జోర్డాన్‌లోని షుబైకా వద్ద 14,400 ఏళ్ల నాటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు బయటపడ్డాయి. అవి వ్యవసాయానికి దాదాపు 4,000 ఏళ్ల ముందటివి, అడవి ధాన్యాన్ని దంపి, పిండి చేసి కాల్చినవి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో, మనకు దగ్గరి బంధువులై అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల పంటి గారలో కూడా బార్లీ జాతి గింజల పిండి రేణువులు కనబడ్డాయి. వాటిలో కొన్ని ఉడికినప్పుడు వచ్చే మార్పులతో ఉన్నాయి.

పూర్వీకులకు జబ్బులే లేవన్న మాట కూడా నిలవదు. మొరాకోలోని తాఫోరాల్త్ గుహలో 15,000 ఏళ్ల కిందట నివసించిన వేటగాళ్లు సింధూర (ఓక్) జాతి చెట్ల కాయలను, పైన్ గింజలను విరివిగా తిన్నారు. వ్యవసాయం ఎరగని ఆ మనుషుల పళ్లలో దాదాపు సగం పుచ్చిపోయి ఉన్నాయి. ఈజిప్టు, పెరూ, నైరుతి అమెరికా, అల్యూషియన్ దీవులకు చెందిన 137 మమ్మీలను స్కానింగ్ చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో మూడో వంతు శరీరాలలో రక్తనాళాలు గట్టిపడిన గుర్తులు కనబడ్డాయి. అల్యూషియన్ దీవుల వారు వేట, చేపల మీద బతికినవారే. అదే సమయంలో ఆ కాలపు మనుషులందరూ ముప్పై ఏళ్లకే పోయేవారన్నది కూడా సరికాదు. సగటు ఆయుష్షు తక్కువగా కనబడటానికి శిశు మరణాలు పెద్ద కారణం. ఇటీవలి వేట సేకరణ జనాలలో బాల్యం దాటి పెద్దవారైన వాళ్లలో చాలామంది అరవై, డెబ్బై ఏళ్ల దాకా బతికారు.

నేటికీ అడవి మీద ఆధారపడే జనాలను చూసినా ఒకే పట్టిక కనబడదు. టాంజానియాలోని హద్జా ప్రజలు దుంపలు, బావోబాబ్ కాయలు, రేగుపండ్ల వంటి చిన్న పండ్లు, వేట మాంసం, చాలా తేనె తింటారు, పైగా ఋతువును బట్టి వాటి పాళ్లు మారిపోతాయి. మొక్కలు చాలా తక్కువగా మొలిచే ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు నేలపై ఇన్యుయిట్ ప్రజలు ఎక్కువగా సీల్, తిమింగలం, చేపల మీద బతికారు. నల్లమల చెంచులకు అడవి గడ్డలు, తేనె, పండ్లు, చిన్న వేట ఆధారం. బొలీవియాలోని చిమానే ప్రజలు వేటకు తోడు వరి, అరటి, కర్ర పెండలం పండించుకుంటారు. వారి శక్తిలో సుమారు 70 శాతం పిండి పదార్థాల నుంచి వస్తుంది, అయినా అప్పటివరకు పరీక్షించిన జనాలన్నిటిలోకీ గుండె రక్తనాళాల పూడిక అతి తక్కువగా ఉన్నది వారికేనని 2017లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పిండి పదార్థమే శత్రువని ఎవరైనా చెప్పినప్పుడు ఈ చిమానే ఉదాహరణను గుర్తుచేయండి.

పరిణామం ఆగిపోలేదు: మీ శరీరాన్ని మీరే పరిశీలించుకోండి

పాలలోని చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైమ్ చాలామందిలో బాల్యం తరవాత తగ్గిపోతుంది. పశువులను పెంచిన జనాలలో గత కొన్ని వేల ఏళ్లలో కొన్ని జన్యు మార్పులు వ్యాపించి, పెద్దయ్యాక కూడా ఆ ఎంజైమ్ కొనసాగేలా చేశాయి. ఐరోపాలో కనబడే మార్పే భారతదేశంలోనూ ఉంది. అయితే వాయవ్య రాష్ట్రాల్లో ఎక్కువగా, దక్షిణాదిలో తక్కువగా ఉంది. అందుకే ఒకే ఇంట్లో ఒకరికి గ్లాసుడు పాలు హాయిగా అరుగుతాయి, ఇంకొకరికి కడుపు ఉబ్బి, గ్యాసు, విరేచనాలు వస్తాయి. పాలు పడని అనుమానం ఉంటే రెండు వారాలు పాలు పూర్తిగా ఆపి, తరవాత ఒక ఉదయం ఇతర ఆహారమేమీ లేకుండా పాలు మాత్రం తాగి, కొన్ని గంటల పాటు గమనించుకోండి. ఇబ్బంది కలిగితే పెరుగుకు, మజ్జిగకు మారండి. తోడు వేసినప్పుడు బాక్టీరియా పాల చక్కెరలో కొంత భాగాన్ని ముందే విరగ్గొడుతుంది కాబట్టి అవి చాలామందికి పడతాయి. పిండిని విడగొట్టే అమైలేజ్ జన్యువు కాపీలు మనుషులలో ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ ఉంటాయి. పిండి ఎక్కువగా తిన్న జనాలలో అవి ఎక్కువని 2007లో కనుగొన్నారు. అందరి శరీరమూ ఒకే ఆదిమ కాలంలో ఆగిపోయి ఉందన్న ఊహకు ఈ రెండు విషయాలూ ఎదురు నిలుస్తాయి.

దక్కన్ నేలలో ఏ పంటలు పుట్టాయి?

"మన తాతల తిండి" అనే మాట కూడా ఇదే పరీక్షకు నిలబడాలి. బళ్లారి, అనంతపురం, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పశువుల పేడను కాల్చగా మిగిలిన బూడిద దిబ్బలు నేటికీ ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులోని దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వారు. క్రీస్తు పూర్వం 3000 నుంచి 1400 దాకా ఆ దిబ్బలను మిగిల్చిన పశుపాలకులు, రైతులు పండించిన ప్రధాన పంటలు అండుకొర్రలు, కొర్ర జాతికి చెందిన మరో చిరుధాన్యం, ఉలవలు, పెసలు అని మాడిన గింజల పరిశీలనలో తేలింది. రాగి, జొన్న, సజ్జ ఆఫ్రికాలో పుట్టి ఆ తరవాత ఇక్కడికి వచ్చినవి. వరి దక్షిణాదిలో ప్రధాన పంట కావడం మరీ తరవాతి మాట. మిరప, టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి గత ఐదు వందల ఏళ్లలోనే వచ్చాయి. ఎండుమిరపకాయ లేని తెలుగు వంటను మనం ఊహించలేకపోవడం, ఆహార సంప్రదాయం ఎంత వేగంగా కొత్తదాన్ని కలుపుకోగలదో చూపుతుంది. కాబట్టి రాగి పూర్వీకులది, టమాటా పరాయిది అన్న లెక్కలు పెట్టుకోవద్దు. కాని ధాన్యం పక్కనే పప్పుధాన్యం, పశువుల పాడి ఉన్న ఆ మొదటి దక్కన్ ఆహారం అమరిక మాత్రం నేటి పోషకాహార శాస్త్రానికి కూడా సరిపోతుంది.

కంచాన్ని మార్చే పద్ధతి

పూర్వీకుల తిండి గురించిన ఆలోచనను 1985లో వైద్య పత్రికలో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ ముందుకు తెచ్చినప్పుడు వారు నొక్కి చెప్పినవి ఎక్కువ పీచు, తక్కువ ఉప్పు, కొవ్వు తక్కువగా ఉన్న వేట మాంసం. కాలాలు, ప్రాంతాలు ఎంత వేరైనా దాదాపు అన్ని పాత ఆహారాల్లోనూ కనబడే లక్షణాలు కొన్ని ఉన్నాయి: రకరకాల మొక్కలు, నమలవలసిన పీచు, కర్మాగారంలో కలిపిన చక్కెర, నూనె, ఉప్పు లేకపోవడం, తిండి సంపాదించడానికి రోజంతా నడవడం. మన కంచంలో వీటికి ఎక్కువ దెబ్బ తగిలింది అన్నం దగ్గర. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కిలో కేలరీలు తినే వ్యక్తికి ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు సరిపోతాయి. ఈ తూకాలు వండక ముందువి.

కాబట్టి మొదటి పని తూచడం. వంటింటి కాటా మీద ఒక రోజుకు ఇంట్లో వండే బియ్యాన్ని, ఇడ్లీ, దోసె పిండిలోకి వెళ్లిన బియ్యాన్ని, ఉప్మా రవ్వను, చపాతీ పిండిని కలిపి తూచి, తినేవారి సంఖ్యతో భాగించండి. ఒక పెద్ద మనిషికి 400 గ్రాములు దాటుతుంటే ఒకేసారి సగానికి కోయకుండా వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ, తగ్గినంత మేర పప్పును, కూరను పెంచండి. పప్పుచారులో పప్పు నీళ్లలా ఉంటే అది ఈ లెక్కకు రాదు. మనిషికి రోజుకు 85 గ్రాములు కావాలంటే ముద్దపప్పో, పెసరట్టో, ఉలవలో, శనగ గుగ్గిళ్లో ఉండాలి. మాంసం, చేప, గుడ్డు తినేవారు పప్పులో కొంత భాగాన్ని వాటితో మార్చుకోవచ్చు.

కూరగాయల విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆకుకూరల గురించే చెబుతాను. తోటకూర, గోంగూర, మునగాకు, పొన్నగంటి, చింతచిగురు వంటివి వారమంతా మార్చి మార్చి వండితే, అడవిలో ఏరుకొని తిన్న మనిషి తిండిలోని వైవిధ్యం కొంతైనా మన కంచానికి వస్తుంది. పాత తిండిలో దుంపలకు పెద్ద చోటు ఉండేది కనుక చేమ, కంద, చిలగడదుంప తప్పక తినండి, కాని అవి అన్నం బదులు తినవలసినవి. అన్నంలోకి దుంపల వేపుడు కలుపుకుంటే పిండి మీద పిండి పడుతుంది. తినే వరుసను కూడా మార్చి చూడండి: ముందు కూర, పప్పు తిని, చివర అన్నం తింటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం తగ్గుతుందని పరిశోధనలు చూపాయి.

చిరుధాన్యాలు కొనేటప్పుడు పొట్టు మాత్రమే తీసి, తవుడు మిగిల్చినవి వెతకండి. తెల్లగా పాలిష్ పట్టిన కొర్రలకూ తెల్ల బియ్యానికీ పీచులో పెద్ద తేడా మిగలదు. బియ్యంలోనూ దంపుడు బియ్యం మంచిది. ఉప్పుడు బియ్యంలో వడ్లను ముందే ఉడికించడం వల్ల బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకి, మరపట్టినా కొంత నిలుస్తుంది. రాగి జావలో చక్కెర, బెల్లం ధారాళంగా కలిపితే రాగి వల్ల వచ్చిన మేలు పోతుంది, కాబట్టి మజ్జిగతో అంబలిగా తాగండి.

నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం మన ఇళ్లలో ఉన్న పాత పద్ధతులే. గింజల్లోని ఫైటేట్లు ఇనుము, జింక్ శరీరానికి అందకుండా పట్టి ఉంచుతాయి. ఈ పద్ధతులన్నీ వాటిని తగ్గిస్తాయి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన స్థితిలో ఇది చిన్న విషయం కాదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ తాగకుండా కనీసం గంట ఆగడం ఖర్చు లేని మార్గాలు. పూర్తి శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు కూడా తగినంత తీసుకోనివారు రక్త పరీక్ష చేయించుకొని, తక్కువుంటే వైద్యుడు చెప్పిన మేరకు మాత్రలు వాడటం అవసరం.

ప్యాకెట్ ఆహారం విషయంలో 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం స్పష్టమైన జవాబు ఇచ్చింది. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించిన చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉన్నా, కావలసినంత తినమన్నప్పుడు మొదటి రకం ఆహారం మీద వారు రోజుకు సుమారు 500 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారు. ప్యాకెట్ వెనుక దినుసులు బరువు ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాసి ఉంటాయి. మొదటి మూడింటిలో మైదా, చక్కెర, పామాయిల్ కనబడితే దాన్ని రోజువారీ తిండిగా పెట్టుకోకండి. "మల్టీగ్రెయిన్", "రాగి" అని ముందువైపు పెద్ద అక్షరాలతో రాసినా ఈ వరుసే చూడండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు కనుక ఊరగాయ, అప్పడం, వడియం మూడూ ఒకే పూట వద్దు.

నడక గురించి ఒక్క మాట. హద్జా ప్రజలు రోజూ ఎన్నో కిలోమీటర్లు నడిచినా, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారు రోజంతా ఖర్చు చేసే మొత్తం శక్తి నగరవాసుల ఖర్చుకు దాదాపు సమానమని హర్మన్ పాంట్జర్ బృందం 2012లో కొలిచి చూపింది. కాబట్టి ఎక్కువ తిని నడకతో కరిగించుకోవచ్చన్న లెక్క చాలామందికి కుదరదు. బరువు ప్రధానంగా కంచం దగ్గరే తేలుతుంది. నడక గుండెకు, కండరాలకు, నిద్రకు, భోజనానంతర చక్కెర అదుపుకు చేసే మేలు వేరు, అందుకోసం ప్రతి భోజనం తరవాత పది, పదిహేను నిమిషాలైనా నడవండి.

ఎవరు జాగ్రత్త పడాలి, ఫలితం ఎలా చూడాలి

భారతీయులలో సన్నగా కనబడే శరీరంలోనే కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండటాన్ని పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలా కాలంగా అధ్యయనం చేశారు. నవజాత శిశువులలోనే ఆ లక్షణం ఉందని ఆయన బృందం చూపింది. అందుకే బరువు కన్నా నడుము కొలత చూసుకోండి: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మన దేశంలో వాడే హద్దు. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడుతున్నవారు మందు మోతాదు మార్చకుండా అన్నాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక ముందు వైద్యుడితో మాట్లాడి తీరాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, మాంసం సొంతంగా పెంచుకోకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు ధాన్యాన్నో పాలనో పూర్తిగా మాన్పించే ఏ పద్ధతినీ, దాన్ని ఏ పూర్వీకుల పేరుతో చెప్పినా, ఇంట్లోకి రానివ్వకండి.

మార్పులన్నీ ఒకే వారం మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ముందు ధాన్యం తూకం, ఆ తరవాత పప్పు, ఆకుకూరలు, చివర ప్యాకెట్లు అన్న వరుసలో రెండేసి వారాల ఎడంతో చేసుకోండి. నడుమును నెలకొకసారి, ఉదయం ఏమీ తినక ముందు, బొడ్డుకు కాస్త పైన, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపుతో కొలవండి. చక్కెర సమస్య ఉన్నవారు హెచ్‌బీఏ1సీ పరీక్షను మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, మూడు నెలల తరవాత ఒకసారి చేయించుకోవాలి. అది రక్తంలో చక్కెరకు గత రెండు, మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి అంతకంటే ముందే చేయిస్తే మార్పు పూర్తిగా కనబడదు.